ఎర్ర బల్బు కింద కంప్యూటరు

మొన్న మా మనవరాలు తన సెల్లులో నా ఫొటో తీసి, అడక్కుండానే నా చెంపల మీద చిన్నప్పుడు అమ్మవారు పోసిన మచ్చలన్నీ ఒక్క వేలితో తుడిచేసి చూపించింది. నేను కొయ్యబారిపోయాను. ఒక ముఖాన్ని క్షణంలో అలా తుడిచెయ్యడం మొదటిసారి చూసిన రోజు కూడా ఇలాగే అయింది, ఆ రోజు నా పక్కన మా అన్న ఉన్నాడు.

బాన్సువాడలో మా ఫొటో స్టూడియోలో కెమెరా పట్టేవాణ్ణి నేనైతే, ముఖాలు దిద్దేవాడు అన్న. నెగెటివును అద్దం మీద పెట్టి, కింద నుంచి వెలుతురు పడేలా చేసి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మచ్చలూ ముడతలూ పూడ్చేవాడు. పెళ్ళిచూపులకు పంపే ఫొటో అయితే ఒక్కోదానికి ఒక పూట పట్టేది. ఆ రోజుల్లో ఫొటోలో అందంగా పడ్డామని మురిసిన మనవాళ్ళలో ఎంతమందికి అందులో ఎవరి చెయ్యి ఉందో తెలుసు! రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో జనం కంప్యూటరు ఫొటోలంటూ నిజామాబాదు బస్సెక్కడం మొదలుపెట్టారు. మనమూ ఒకటి కొనాలని నేను పట్టుబట్టాను. అదొస్తే అన్నకు స్టూడియోలో పని మిగులుతుందా అనే అనుమానం ఇద్దరికీ ఉంది కానీ, ఇద్దరమూ పైకి అనలేదు.

హైదరాబాదు దుకాణంలో అమ్మే మనిషి మెమరీ అనీ మరేదో అనీ అడుగుతుంటే, నేను అన్నీ తెలిసినవాడిలా తల ఊపుతూ, అన్నిటికన్నా పెద్దగా, తళతళలాడే తెర ఏదా అని చూస్తున్నాను. అతను ఎవరిదో ముఖం తెర మీదికి తెచ్చి, మచ్చలన్నీ చిటికెలో మాయం చేశాడు. అన్న ముఖంలో నెత్తుటి చుక్క లేదు. కాసేపటికి తేరుకుని, జేబులోంచి తను దిద్దిన ఫొటో ఒకటి తీసి స్కాన్ చేయించి, దాన్ని ఒక్కో తెర మీదా చూస్తూ, చేతిలోని కాగితాన్ని గుమ్మం దాకా తీసుకెళ్ళి ఎండలో చూసొస్తూ, చివరికి మూలనున్న చిన్న మసక తెర ముందు ఆగాడు.

"తమ్మీ, గిది ఉన్నదున్నట్టు సూపెడ్తుంది."

అమ్మే మనిషి ముందు నాకు తల కొట్టేసినట్టయింది. పెద్ద తెరదే తీసుకున్నాను.

దుమ్ము తగలకూడదు, చల్లగా ఉండాలి అని చెప్పి పంపారు. మా స్టూడియోలో అలాంటి చోటు ఫొటోలు కడిగే చీకటి గది ఒక్కటే. ఫొటో పనంటే అక్కడే జరగాలని ఒంట్లో ఎంత జీర్ణించుకుపోయిందంటే, అలవాటు కొద్దీ, ఫొటోలు కడిగేటప్పుడు వేసే ఎర్ర బల్బు వేసుకుని, దాని కిందే కూర్చుని, వర్ని వైపు వచ్చి స్థిరపడ్డ ఆంధ్ర రైతుగారి అమ్మాయి పెళ్ళి ఆల్బం మొత్తం దిద్దాను. ముఖాలు పాలిపోయినట్టు కనబడితే ఎరుపు పెంచాను, ఇంకా పెంచాను.

పట్నం నుంచి ప్రింట్లు వచ్చిన కవరు గర్వంగా విప్పకుండానే ఆయన చేతిలో పెట్టాను. తలంబ్రాలు, పట్టుచీర, పంతులుగారి పంచె, అన్నీ ఎరుపే.

"ఇదేంటండీ, మా అమ్మాయి పెళ్ళిలో హోలీ ఆడించారు?" అన్నాడాయన.

చీకటి గదిలోకి పరుగెత్తి, ఎర్ర బల్బు వేసి చూస్తే తెర మీద అవే ఫొటోలు చక్కగా ఉన్నాయి! అన్న ఒక ప్రింటు గుమ్మంలో ఎండకు పెట్టి చూశాడు, లోపలికొచ్చి తెర చూశాడు, తలెత్తి పైకి చూశాడు.

"గా బల్బు బంజేసి తలుపు తెరువు తమ్మీ. ఇగ సూడు."

ఎర్ర వెలుతురు మరిగిన కళ్ళు పగటి వెలుతురుకు అలవాటుపడేసరికి, తెర మీద పెళ్ళికూతురు కుంపట్లో నిప్పులా ఉంది.

అన్నే ఆయన్ని బతిమాలి వారం గడువు తీసుకున్నాడు. కంప్యూటరును ముందు గదిలోకి మార్చి, అన్న ఎండలో చూసొచ్చి చెప్పినట్టల్లా రంగులు తగ్గించాను. కొత్త ఆల్బం చూసి ఆయన మురిసిపోయి, మీ కంప్యూటరు గొప్పదండీ అన్నాడు. నేను అవునన్నట్టు నవ్వాను. అన్న అక్కడే నిలబడి ఉన్నాడు.

ఆ సాయంత్రం తన పెన్సిళ్ళ డబ్బా నా బల్ల మీద పెట్టి, "రేపటి సంది పొలంకాడికి పోత తమ్మీ, ఈడ నాతోని ఏం పని" అన్నాడు. నేను ఎవరి ముఖమో దిద్దుతూ, తల తిప్పకుండానే సరే అన్నాను.

అన్న ఇప్పుడు లేడు. ఆ పెద్ద తెర ఎప్పుడో పాత సామానులోకి పోయింది. ఫొటో తీసినవాళ్ళే దిద్దుకుంటున్నారు, ఎండలో పెట్టి చూడ్డానికి చేతిలో కాగితమే ఉండటం లేదు. మనవరాలిని నా మచ్చలు నాకు తిరిగి పెట్టమన్నాను, ఒక్క వేలితో పెట్టేసింది. ఎందరి ముఖాలో అంత శ్రద్ధగా చూసిన నాకు, ఆ సాయంత్రం అన్న ముఖం ఎలా ఉందో మాత్రం ఇప్పటికీ తెలియదు.