డ్రైవరమ్మ కారు, చెంచాడు నూనె

మా మేనత్తను వీధిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. డ్రైవరమ్మ అంటారు. స్టీరింగు వదిలి పదేళ్ళు దాటినా ఆ పిలుపు ఆమెను వదల్లేదు. కూరగాయలకు నడిచి వెళ్తుంటే దుకాణాల వాళ్ళు, "ఏం డ్రైవరమ్మా, నడకేనా?" అని పలకరిస్తారు. "కాళ్ళకు పెట్రోలు అక్కర్లేదుగా" అని ఆమె ఆగకుండానే బదులిస్తుంది.

మా తాతకు వాహనాలు బాగుచేసే షెడ్డు ఉండేది. అత్తయ్య, ఆమె తమ్ముడైన మా నాన్న అక్కడే పెరిగారు. తాత పని నేర్పింది నాన్నకు. పక్కన కూర్చుని నేర్చుకున్నది మాత్రం అత్తయ్య. బాగుపడిన కార్లను గేటు దాకా నడిపి అప్పగించే పని మొదట ఆమెకు వచ్చింది. తర్వాత వీధి చివరి దాకా, ఆ తర్వాత ఖాతాదారు ఇంటి దాకా. ఎప్పుడు ఎవరు అనుమతించారని అడిగితే, నాన్న గాని, ఆమె గాని చెప్పలేకపోయారు. ఎవరూ అడ్డు చెప్పకపోవడమే అనుమతి అయిందని నేను అర్థం చేసుకున్నాను.

దర్జీపని చేసే మామయ్యను పెళ్ళి చేసుకున్నాక, గుండ్రటి దీపాలున్న ఒక పాత కారు కొని టాక్సీగా తిప్పింది. అప్పట్లో ఊళ్ళో ఆడవాళ్ళు టాక్సీ నడిపిన దాఖలా లేదు. వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు అటూ ఇటూ చూసి, "డ్రైవరేడమ్మా?" అని అడిగేవారట. "సర్దుకుని కూర్చోండి, వచ్చేస్తారు" అని చెప్పి, తనే ముందు సీట్లో కూర్చుని ఇంజన్ స్టార్ట్ చేసేది. దిగిపోయిన వాళ్ళూ ఉన్నారు. కానీ కొన్నాళ్ళకు గర్భిణులు, ఆపరేషన్ అయి ఇంటికి వెళ్ళేవాళ్ళు ఆమె బండే కావాలని కబురు పెట్టడం మొదలుపెట్టారు. గొయ్యి కనబడితే వేగం తగ్గించే డ్రైవర్లు చాలామంది ఉంటారు. అత్తయ్య ఊళ్ళో ప్రతి గొయ్యినీ గుర్తుపెట్టుకుని, కనబడక ముందే తగ్గించేది.

మానుకోమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కుడికంటి చూపు మసకబారిందని తెలిసిన రోజు తనే తాళాలు తెచ్చి గూట్లో పెట్టింది. "ఎదుటి మనిషి మీసం కనబడకపోతే సర్దుకోవచ్చు. మనిషే కనబడకపోతే?" అంది. కారును ఇంటి పక్క షెడ్డులో నిలిపారు. మామయ్య మిగిలిన గుడ్డ ముక్కలతో దానికి ముసుగు కుట్టాడు. క్రమంగా ఆ ముసుగు మీద బట్టల మూటలు చేరాయి, వెనక సీట్లోకి గుండీల డబ్బాలు చేరాయి. ఎప్పుడైనా కారు మాట వస్తే, "వచ్చే నెల చూడాలి" అనేది అత్తయ్య. అలా ఎన్నో నెలలు వచ్చి వెళ్ళాయి.

ఈ ఏడాది వాళ్ళమ్మాయి, నాకు వదిన, ఎంబ్రాయిడరీ చేసే పెద్ద మిషన్ కొనడానికి ఏర్పాటు చేసుకుంది. అది పట్టే చోటు షెడ్డు ఒక్కటే. భోజనాల దగ్గర మామయ్య మాట తేల్చేశాడు.

"ఆ ఇనప గేదెను ఇంకెన్నాళ్ళు మేపుతాం? నడిస్తే బయట వాకిట్లో కట్టుకో, పైన పందిరి నేనే కుట్టిస్తా. నడవకపోతే ఆదివారం తుక్కు కొనే ఆయన్ని రమ్మన్నాను."

"నడుస్తుంది" అంది అత్తయ్య.

"ఎవరితో చెప్పింది, నీతోనా?"

"మీతో చెబితే మీకు వినబడుతుందా? కుట్టుమిషన్ చప్పుడులో నేను చెప్పేదే వినబడదు."

మళ్ళీ టాక్సీ తోలాలన్న ఆలోచన ఆమెకు లేదు. మరి ఈ పంతం ఎందుకని విడిగా అడిగాను. "తుక్కు బళ్ళను ఎలా తీసుకెళ్తారో చూశావా? ముందు చక్రాలు గాల్లోకెత్తి, మూతి కట్టేసి ఈడ్చుకుపోతారు. అది ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నన్ను దారిలో దింపెయ్యలేదు. అలా పోతుంటే గుమ్మంలో నిలబడి చూడలేనమ్మా" అంది. ఆ మాట మిగతావాళ్ళతో అనలేదు.

తాత షెడ్డును ఇప్పుడు నడుపుతున్న నాన్నను పిలిపించింది. మూటలు దించి, ముసుగు తీసి, చక్రాలకు గాలి కొట్టారు. నాన్న కారు మూతి దగ్గర, ఇంజన్ను చేత్తో తిప్పే హ్యాండిల్ దూర్చి, దాని మీద ఒళ్ళంతా మోపాడు. కారు ఊగింది గాని ఇంజన్ కదలలేదు.

"పట్టేసిందక్కా. పిస్టన్లు తుప్పుపట్టి గోడలకు అతుక్కుపోయాయి. మొత్తం విప్పాలి."

"విప్పితే ఆదివారానికి బిగించగలవా?"

"ఏ ఆదివారానికి?"

"అదిగో, అందుకే వద్దంటున్నా. నానబెడదాం."

పద్ధతి ఆమే చెప్పింది. ఇంజన్ తలమీద ఉన్న నాలుగు ప్లగ్గులూ ఊడదీసి, ఆ రంధ్రాల్లో రోజూ పొద్దున్నే ఒక్కో చెంచా ఇంజన్ నూనె పొయ్యాలి. అది మెల్లగా పిస్టన్ల అంచుల్లోకి దిగి తుప్పును వదిలిస్తుంది. పోసిన వెంటనే ప్లగ్గులు మళ్ళీ బిగించాలి. మామూలు షెడ్డులో అయితే వాటిని తెరిచి ఉంచినా నష్టం లేదు. దర్జీ ఇంట్లో గాలినిండా బట్టల పీచే కాబట్టి, అది లోపల పడకూడదని ఈ జాగ్రత్త. వంటింట్లోంచి ఒక చెంచా శాశ్వతంగా షెడ్డుకు బదిలీ అయింది. పొద్దున్నే అత్తయ్య ఎడమకన్ను రంధ్రానికి దగ్గరగా పెట్టి, చుక్క ఒలకకుండా పోసి, ప్లగ్గులు బిగించి వచ్చేది. ఆ తర్వాత రోజంతా కారు జోలికి వెళ్ళేది కాదు. మిగతావాళ్ళు కూడా వెళ్ళడం లేదనే అనుకుంది.

శనివారం పొద్దున నాన్న మళ్ళీ హ్యాండిల్ దూర్చాడు. అందరం చుట్టూ చేరాం. ఒక మూలుగు వినబడింది, హ్యాండిల్ కదిలింది. వదిన చప్పట్లు కొట్టబోయింది. అంతలోనే పావు చుట్టయినా పూర్తికాకుండా, గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోయింది. నాన్న బలమంతా పెట్టాడు. హ్యాండిల్ ఆయన్నే వెనక్కి తోసింది. మోచెయ్యి పట్టుకుని పెట్రోలు డబ్బా మీద కూలబడ్డాడు.

"లోపలేదో విరిగి అడ్డం పడిందక్కా. ఇక దీన్ని వదిలెయ్యి. ఇంత చెప్పడానికి నాకూ బాధగానే ఉంది."

మామయ్య మెడలో వేలాడుతున్న కొలతల టేపును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు. ఎగతాళి చెయ్యడానికి అంతకంటే మంచి అదను దొరకదు. అయినా దాన్ని వాడుకోకపోవడం నాకు వింతగా అనిపించింది.

చక్రాలతోపాటు ఇంజనూ తిరిగేలా అత్తయ్య గేరు వేయించి, కారును అందరిచేతా వెనక్కి నెట్టించింది. తేలిగ్గా వచ్చింది. ముందుకు నెట్టించింది. ఇందాకటి చోటికే వచ్చి ఆగింది. ఇంజన్ మీద చెయ్యి ఆనించి మళ్ళీ రెండూ చేయించింది.

"విరిగిన ముక్కైతే గరగరమంటుంది. ఇది చప్పుడు చెయ్యకుండా ఆగుతోంది. విరగలేదురా, నిండింది. ప్లగ్గులు ఊడదియ్యి."

మొదటి ప్లగ్గు ఊడదీయగానే నూనె అంచుదాకా మిలమిలలాడింది. రెండోది ఊడదీశాడు, అదీ అంతే. నూనె నొక్కితే అణగదు; అది నిండిన సిలిండర్లో పిస్టన్ పైకి రాలేదు, అందుకే ఆ గోడ. అత్తయ్య చెంచా చేతిలోకి తీసుకుని అందరి ముఖాలూ చూసింది.

"నేను పోసింది దీంతో. దీంతో పోస్తే ఇంత ఎలా అయింది?"

నాన్న మోచెయ్యి మరింత శ్రద్ధగా రుద్దుకోసాగాడు.

"ఏరా?"

"నీకు ఆ కన్ను సరిగ్గా ఆనదు కదక్కా. చెంచా బయట ఒలికిపోతోందేమోనని... నా షెడ్డు మూసేసి ఇంటికి పోతూ నేనూ కాస్త."

"కాస్తంటే?"

"చెంచా దొరకలేదు. డబ్బాతోనే పోశాను."

వదిన నెమ్మదిగా చెయ్యెత్తింది. "నేను కూడా పోశానమ్మా. నా మిషన్ కోసమేగా ఇదంతా. మధ్యాహ్నం నువ్వు పడుకున్నప్పుడు."

అత్తయ్య రంధ్రంలో వేలు ముంచి, వెలుతురుకు పట్టి చూసింది. తన ఇంజన్ నూనె నల్లగా చిక్కగా ఉంటుంది. వేలి మీద దానితోపాటు నీళ్ళలాంటి పల్చటి నూనె జారింది. వాసన చూసి, భర్త వైపు తిరిగింది.

"ఇది కుట్టుమిషన్ నూనె."

మామయ్య టేపు వేలినుంచి విప్పాడు. "మిషన్ పట్టేస్తే దాంతోనే కదా వదులుతుంది. నీ నూనె మరీ చిక్కగా ఉంటుంది, సందుల్లోకి ఎక్కడ దిగుతుంది? ఏదో రెండు చుక్కలు."

"రెండు చుక్కలకే సీసా ఖాళీ అయిందా?" అని వదిన అడిగింది.

"తుక్కు ఆయన్ని రమ్మన్నది మీరే కదండీ" అంది అత్తయ్య.

"రమ్మన్నంత మాత్రాన రావాలని కోరుకున్నట్టా?"

అత్తయ్య చెంచాను కొంగుతో తుడిచి పక్కన పెట్టింది. మిగతా రెండు ప్లగ్గులూ ఊడదీయించి, "అందరూ పక్కకు తప్పుకోండి, తమ్ముడు తిప్పుతాడు" అంది. అందరం తప్పుకున్నాం. మామయ్య మాత్రం తన నూనె ఎలా పనిచేసిందో చూడాలని వంగాడు. ప్లగ్గులు లేని రంధ్రాల్లోంచి నూనె ఒక్కసారిగా ఎగజిమ్మి, ఆయన చొక్కాను కాలరునుంచి అంచుదాకా తడిపేసింది.

"బావా, కొలతలు సరిపోయాయా?" అన్నాడు నాన్న.

"నీ అక్కను చేసుకున్న రోజే సరిపోయాయిలే, నువ్వు తిప్పు" అన్నాడు మామయ్య, కళ్ళు తుడుచుకుంటూ.

ఇంజన్ తిరిగింది. మొదట బిర్రుగా, తర్వాత ఒక చుట్టు, ఇంకో చుట్టు. మిగిలిన పగలంతా అడుగున చేరిన నూనె దింపి కొత్తది పోయడానికి, ప్లగ్గులు గీకి తుడవడానికి, పెట్రోలును గాలితో కలిపే కార్బురేటర్లో గట్టిపడిన జిగురు కడగడానికి పట్టింది. పెట్రోలు ట్యాంకు లోపల తుప్పే ఉంది. నాన్న తన షెడ్డునుంచి బ్యాటరీ తెచ్చి బిగించాడు; ఒక సీసాలో పెట్రోలు నింపి, గొట్టం తగిలించి, బానెట్ కింద తీగతో వేలాడదీశాడు.

ఆదివారం పొద్దున తుక్కు కొనే ఆయన చెప్పిన మాట ప్రకారం బండేసుకుని వచ్చాడు. గేటు ముందు ఆపి, తాళ్ళు భుజాన వేసుకుని షెడ్డులోకి తొంగిచూశాడు. అత్తయ్య తల తిప్పలేదు. కార్బురేటర్ నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి, గాలి తగ్గించి, పెట్రోలు లాగేలా పట్టుకుని ఉంది. లోపల కూర్చున్న నాన్న తాళం తిప్పాడు. ఇంజన్ తిరిగి ఊరుకుంది. మళ్ళీ తిప్పాడు. ఒక దగ్గు వచ్చింది, ఆగిపోయింది. తుక్కు ఆయన తాళ్ళు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకున్నాడు. మామయ్య ఆయనకు ఎదురువెళ్ళి, "కూర్చోండి, టీ తాగుదురు గాని. మాకింకా తేలలేదు" అన్నాడు.

మూడోసారి దగ్గు ఆగలేదు. డబడబమంటూ కారంతా ఒణికింది. అత్తయ్య చెయ్యి తీసింది. పొగగొట్టంలోంచి తెల్లటి పొగ లేచి షెడ్డును, వాకిలిని, ఆపైన వీధిని ముంచేసింది. ఎదురింటి కిటికీ తెరుచుకుంది.

"డ్రైవరమ్మా, ఏం తగలబడింది?"

"ఏమీ లేదమ్మా. మా ఇంట్లోవాళ్ళ ప్రేమ కాలుతోంది, కాసేపట్లో తగ్గుతుంది."

ఆమె తల వంచి వింటోంది. "మూడు సిలిండర్లు కొడుతున్నాయి. నాలుగోది ఇంకా లేవలేదు" అంది. కొద్దిసేపటికి ఒణుకు తగ్గి, చప్పుడు నున్నబడింది. "లేచింది" అంది, తనలో తాను. నాన్న దిగి చోటిచ్చాడు. ఆమె చీర కుచ్చిళ్ళు సర్దుకుని స్టీరింగు ముందు కూర్చుంది.

"బ్రేకులు పనిచెయ్యవక్కా."

"వాకిలికి బ్రేకులెందుకురా? మొదటి గేరులో పోనిస్తా, నువ్వు చెయ్యి చూపించు."

తుక్కు ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు. "అయితే నేను వెళ్ళేదా అమ్మా?"

"మీరు వెళ్తేనే కదా మేం బయటికొచ్చేది. మీ బండి మా గేటుకు అడ్డంగా ఉంది."

ఆయన నవ్వి, తాళ్ళు తన బండిలో పడేసి, దాన్ని పక్కకు తీశాడు. కారు మనిషి నడకకన్నా నెమ్మదిగా షెడ్డు దాటింది. మామయ్య నూనె మరకల చొక్కాతో ముందు నడుస్తూ దారిలో పడిన మూటలు తీశాడు. వాకిట్లో, పందిరి వెయ్యాల్సిన చోట ఆమె దాన్ని నిలిపింది కాని, తాళం తిప్పలేదు.

"ఆపెయ్యక్కా, సీసాలో పెట్రోలు అయిపోతుంది."

"అవనీరా."

మామయ్య ఎడమవైపు తలుపు తీసి ఆమె పక్కన కూర్చున్నాడు. సీసా ఖాళీ అయి ఇంజన్ తనంతట తానే ఊరుకునేదాకా అలాగే కూర్చున్నారు.