శనివారం పాటలు, నా నీళ్ళ సీసా

నాకు కోపం తొందరగా వస్తుంది, అందులోనూ గైడ్ల మీద మరీ. పలాసలో డిగ్రీ పిల్లలకు తెలుగు చెప్పడం మొదలుపెట్టి ఇరవై ఏళ్ళు దాటింది. ఇన్నేళ్ళలో 'కవి ఇందులో సమాజంలోని అసమానతలను హృద్యంగా చిత్రించాడు' అనే వాక్యం లేని జవాబు పత్రం నేను దిద్దిన గుర్తు లేదు. జాలరి మీద కవిత ఇచ్చినా అదే, మిల్లు కూలీ మీద ఇచ్చినా అదే. ఒకసారి వెన్నెల మీద పద్యం ఇచ్చి చూశాను. దాంట్లోనూ అసమానతలను హృద్యంగా చిత్రించేశారు.

ఇంతకీ ఆ వాక్యం రాసేది ఎవరు? ఇచ్ఛాపురం నుంచి పొద్దున్నే రైలెక్కి వచ్చేవాళ్ళు ఇంట్లో ఒడియా మాట్లాడతారు. మందస కొండల మీంచి దిగి వచ్చేవాళ్ళది సవర. సముద్రం ఒడ్డు ఊళ్ళ పిల్లల తెలుగు ఒకలా ఉంటే, సోంపేట కొబ్బరితోటల ఆసాముల పిల్లల తెలుగు ఇంకోలా ఉంటుంది. తక్కినవాళ్ళలో చాలామంది తల్లులు జీడిపిక్కల ఫ్యాక్టరీల్లో పని చేస్తారు. ఎవరూ చెప్పకుండానే బెంచీలు కూడా ఆ లెక్కనే పంచుకున్నారు. అసమానత మీద పాఠం మొదలుపెడితే, పక్క బెంచీ వైపు చూడాల్సిన వాళ్ళు గైడు తెరిచి ఏ పేజీలో ఉందో వెతికేవాళ్ళు.

ఒక రోజు ఒళ్ళు మండి, గైడ్లన్నీ నా బల్ల మీద పెట్టించాను. ఇకనుంచి ప్రతి శనివారం ఎవరింటి మాటల్లో వాళ్ళు ఒక పాటో కవితో పట్టుకురావాలని చెప్పాను. ముందు ఇంటి మాటల్లో వినిపించాలి, తరవాత అందరికీ అర్థమయ్యేలా చెప్పాలి. ఆ పైన వేరే బెంచీవాళ్ళు ఎవరో ఒకరు లేచి, అదే సంగతి తమకే జరిగినట్టు మళ్ళీ చెప్పాలి. ఇదీ నియమం.

"సిలబస్‌లో ఉందా మేడమ్?" అని అడిగాడు ఒకడు.

"మీ అమ్మమ్మ సిలబస్‌లో ఉందా?"

"నేదు మేడమ్."

"అయితే ఆవిడ పాటే పట్రా."

మొదటి శనివారం ఒక సవర అమ్మాయి లేచింది. ఏడాదిగా హాజరు పలకడానికి తప్ప నోరు విప్పని పిల్ల, కళ్ళు మూసుకుని ఐదు నిమిషాలు ఏకధాటిగా పాడింది. అర్థం చెప్పమంటే, "సంతలో సింతపండు కొనీవాడు తూకం సరిగ్గా ఎయ్యలేదు" అంది.

"ఐదు నిమిషాల పాటకి అంతేనా?"

"అంతే మేడమ్. మిగతాదంతా ఆడిని తిట్టడమే."

మళ్ళీ చెప్పే వంతు ముందు బెంచీలో కూర్చునే చింతపండు వ్యాపారి మనవడికి వచ్చింది. ఆ పిల్ల మాటలు అప్పజెబుతూ సగంలో ఆగిపోయి, "మేడమ్, ఇది మా తాతగారేమో అనిపిస్తంది" అన్నాడు. తరగతి గొల్లుమంది. అందరికంటే ముందు నవ్వింది వాడే, కానీ ఆ తరవాత ఆ గంటంతా ఆ అమ్మాయి వైపే చూస్తూ కూర్చున్నాడు.

వల లాగే పాట తెచ్చిన కుర్రాడి ఇబ్బంది ఇంకో రకం. "ఈ ముక్కకి అర్థం సెప్పలేనండి, ఆడపిల్లలున్నారు" అని మొరాయిస్తే, వెనక బెంచీ ఆడపిల్లలు "మాకు తెలుసులే, ఎల్లు ముందుకి" అని కేకేశారు. మా ప్రిన్సిపాల్‌గారు కిటికీలోంచి తొంగిచూసి, "ఏటండీ మేడమ్, ఇది తెలుగు క్లాసా, జాతరా?" అన్నారు. రెండూనండీ అన్నాను. గైడు వాక్యం మాయం కాలేదు గానీ, దాని పక్కన ఒకటో రెండో సొంత వాక్యాలు కనిపించడం మొదలైంది. అవి చూసి నేను ఎంత మురిసిపోయానంటే, అసమానత అనే జబ్బుకి మందు కనిపెట్టినట్టు స్టాఫ్‌రూములో తిరిగేదాన్ని.

ఆ తరగతిలోనే ఒక అమ్మాయి ఉండేది. వాళ్ళ ఇల్లు పలాస శివార్లలో దళితవాడలో. తండ్రి లేడు, తల్లి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పిక్కలు కోస్తుంది. తన వంతు వచ్చినప్పుడు, "మా ఇంట్లో పాటల్లేవు మేడమ్. మిషన్ల సప్పుడులో ఎవులు పాడతారు?" అంది. మరి ఏం చేస్తావంటే, నేనే రాసుకొస్తానంది. రాసుకొచ్చింది కూడా. పిక్కల రసం తగిలి తగిలి వాళ్ళమ్మ వేలిముద్రలు అరిగిపోయాయట. రేషన్ దుకాణంలో మిషన్ మీద వేలు పెడితే, నువ్వెవరో నాకు తెలీదంటుందట. అమ్మ నాలుగు వేళ్ళూ మార్చి మార్చి పెడుతూ, మిషన్‌కి తనను తాను పరిచయం చేసుకుంటూ ఉంటుందట. పది పన్నెండు పంక్తులు, ఎక్కడా హృద్యంగా అన్న మాట లేదు. ఇంకోసారి చదవమన్నాను.

టెక్కలిలో కాలేజీ పిల్లల కవితా సమ్మేళనం ఉందని తెలిసి, అక్కడ ఆ కవిత చదవాలని అన్నాను. ఆ పిల్ల ముఖం వెలిగిపోయింది. తను పై చదువుకు వెళ్ళి టీచరు కావాలని ఉందట, డిగ్రీ అవగానే ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి పెట్టాలని తల్లి అనుకుంటోందట. నలుగురి ముందు చదివితే అమ్మ మనసు మారుతుందేమో అని ఆశ. "మీరొచ్చి అడిగితే పంపుతాది మేడమ్" అంది.

ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. ఇక్కడ మా ఉద్దానం అలవాటు ఒకటి చెప్పాలి. కిడ్నీ జబ్బు మా వైపు ఎన్ని ఇళ్ళను ఖాళీ చేసిందో మాకు తెలుసు. మా అక్క భర్తను వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి తీసుకెళ్ళిన రోజులు నాకింకా గుర్తున్నాయి. నీళ్ళే కారణమో కాదో ఎవరూ తేల్చి చెప్పలేదు గానీ, డాక్టరు మాత్రం "ఎక్కడపడితే అక్కడ నీళ్ళు తాగకండి" అన్నాడు. అప్పట్నుంచీ నా సంచిలో నా సీసా ఉంటుంది. నేనే కాదు, మా వైపు చాలామంది ఇంతే. చుట్టం వచ్చి సొంత సీసా తీసి తాగితే ఎవరూ ఏమీ అనుకోరు. అనుకోరనే నేను అనుకున్నాను.

వాళ్ళమ్మ చాప వేసి కూర్చోబెట్టింది. "మీరు తీసుకెల్తే నాకేటి బయం పంతులమ్మగారూ" అంది. పని అయిపోయింది అనుకున్నాను. ఇంతలో తళతళలాడేలా తోమిన గ్లాసుతో నీళ్ళు తెచ్చి ఇచ్చింది. నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళింది. "వద్దమ్మా, నా నీళ్ళు నాకున్నాయి" అని సీసా తీసి గటగటా తాగేశాను. ఆవిడ గ్లాసు వెనక్కి తీసుకుని లోపలికి వెళ్ళింది. తిరిగొచ్చాక, "సూద్దామండి. ఇంట్లో దానికి పనుంటాది" అంది. నేనేమీ పట్టించుకోలేదు. ఆటోలో పాట కూడా పాడుకుంటూ ఇంటికొచ్చాను.

సోమవారం ఆ పిల్ల "నేను టెక్కలి రాను మేడమ్, అమ్మ ఒద్దంది" అంది. వెనక బెంచీకి మారిపోయింది. నాకు మళ్ళీ కోపం వచ్చింది, ఈసారి ఆ తల్లి మీద. స్టాఫ్‌రూములో అందరూ వినేలా, "ఈ తల్లులకి చదువు విలువ తెలీదు" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

అదే వారం నేను చెప్పాల్సిన పాఠం, దాహంతో ఊళ్ళోకి వచ్చిన మనిషికి గ్లాసు ఇవ్వకుండా దోసిట్లో ఎత్తునుంచి నీళ్ళు పోసిన కథ. నాకిష్టమైన పాఠం, బల్ల చరుస్తూ చెప్పాను. తాకకుండా నీళ్ళు పోయడమంటే మనిషిని తాకకుండా కొట్టడమే అన్నాను. చెప్పీ చెప్పీ గొంతు ఆరిపోయి, సీసా మూత తీసి రెండు గుక్కలు తాగాను.

వెనక బెంచీలోంచి ఆ అమ్మాయి లేచింది. "మేడమ్, డౌటు. నీల్లు పొయ్యడం రానోల్ది తప్పే. పోసిన నీల్లు తాగనోల్ది ఏటి మేడమ్?"

నా చేతిలో సీసా ఇంకా మూత తీసే ఉంది. నాకు అప్పుడు అర్థమైంది. డాక్టరు గురించి, మా బావగారి గురించి, బోరు నీళ్ళ గురించి గబగబా చెప్పాను. అన్నీ నిజాలే. అన్నీ విని, "అలగా మేడమ్" అని కూర్చుంది. నన్ను నమ్మలేదు.

సాయంత్రం తిన్నగా వాళ్ళింటికి వెళ్ళాను. వాళ్ళమ్మ అప్పుడే పని నుంచి వచ్చి, నల్లబడ్డ వేళ్ళని బూడిదతో రుద్దుకుంటోంది. గుమ్మంలోనే నిలబడి, "కాసిని మంచినీళ్ళు ఇస్తారా?" అన్నాను.

"సీసాలో అయిపోనాయేటి?" అంది, తలెత్తకుండానే.

"తప్పయిందమ్మా. అలవాటుకొద్దీ చేశాను."

ఆవిడ చేతులు కడుక్కుని నా వైపు తిరిగింది. "మా బోరు నీల్లు మేమే తాగం పంతులమ్మగారూ. మీరొస్తన్నారని పొద్దున్నే మంచినీల్ల ప్లాంటు కాడికెల్లి టిన్ను మోసుకొచ్చేను. మీ సీసాలో నీల్లూ ఆ ప్లాంటుయే. అక్కడ తాగితే మంచియి, నా గ్లాసులో పోస్తే జబ్బా?"

నేను సీసా ఉన్న సంచిని వెనక్కి జరుపుకున్నాను.

"నాను ఒద్దన్నది మీ మీద కోపంతోటి కాదు. పాటాలు సెప్పిన మీరే నా సేతి నీల్లు తాగనప్పుడు, టెక్కలిలో అంతమంది పెద్దోలు నా కూతురు గుంట మాట ఇంటారా? నలుగుర్లో దాన్ని సిన్నబుచ్చడానికి నాను పంపాలా?"

వింటారో వినరో నాకూ తెలీదన్నాను. అది ఒక్కటే ఆ రోజు నేను పూర్తి నిజంగా చెప్పిన మాట. ఆవిడ కాసేపు నన్ను ఎగాదిగా చూసి, లోపలికెళ్ళి గ్లాసు తెచ్చింది. గటగటా తాగబోయి సగం చీర మీద పోసుకున్నాను. "నెమ్మదండి, ఇంకా ఉన్నాయి" అని నవ్వింది. "పంపుతాను. మీ కోసం కాదు, దాని కోసం. నానూ వస్తాను."

వచ్చింది కూడా, ఒక పూట పని మానుకుని, పెట్టెలో దాచుకున్న చీర కట్టుకుని. టెక్కలిలో ఆ పిల్ల కాగితం చూడకుండా చదివింది. రేషన్ మిషన్ దగ్గరికొచ్చేసరికి హాల్లో నవ్వారు, ఆఖరికి వచ్చేసరికి ఎవరూ నవ్వలేదు. చప్పట్లు మోగుతుంటే వాళ్ళమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఇంకా సదవమనండి, ఆపీసిందేటి?" అంది. తిరిగొచ్చే బస్సులో పొట్టు తీసే పని మాట ఎత్తలేదు. పై చదువుకి పరీక్ష ఎప్పుడుంటుందని అడిగింది.

కథ ఇక్కడ ఆగితే నాకెంత బాగుండేదో. కానీ ఆ తరవాతి శనివారం ఆ అమ్మాయి కొత్త కవితతో వచ్చింది. ఒక పంతులమ్మ సీసా మోసుకుంటూ ఇల్లిల్లూ తిరుగుతుందట. సమానత్వం గురించి చెప్పీ చెప్పీ ఆవిడకి దాహం వేస్తుందట. పిల్లలు నా వైపు చూడాలో వద్దో తెలీక పుస్తకాల వైపు చూస్తున్నారు. చింతపండు వ్యాపారి మనవడు మాత్రం, "ఇప్పుడు తెలిసిందా మేడమ్, మా తాతగారప్పుడు నాకెలగుందో" అన్నాడు. అందరూ ఒక్కసారి పగలబడి నవ్వారు, నేనూ నవ్వాను.

వేరే బెంచీవాళ్ళు మళ్ళీ చెప్పాలి కదా. "మేడమే సెప్పాలి" అంది ఆ అమ్మాయి. నోటితో చెబితే నేను మాటలతో తప్పించుకుంటానని దానికి తెలుసు. అందుకని సుద్దముక్క తీసుకుని బోర్డు మీద ప్రశ్న రాసింది: ఈ కవితలోని పంతులమ్మ నీళ్ళు ఎందుకు తాగలేదు? ఐదు మార్కులు.

నేను వెళ్ళి ఆ పిల్ల బెంచీలో కూర్చుని జవాబు రాశాను. బాగానే రాశాననుకున్నాను. ఉద్దానం భయం, మా బావగారు, డాక్టరు మాట, చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళడం, ఒక తల్లిని నొప్పించడం, క్షమాపణ. హృద్యంగా అనే మాట రాకుండా జాగ్రత్తపడ్డాను. ఆ అమ్మాయి నా కుర్చీలో కూర్చుని, నా ఎర్ర పెన్నుతోనే దిద్ది కాగితం తిరిగిచ్చింది. ఐదుకి రెండున్నర. కింద గుండ్రటి అక్షరాలతో ఒక మాట: 'కారణం రాసారు. ఎవరింట్లో తాగుతారో రాయలేదు.'

అన్యాయం అనబోయాను. నోరు తెరిచాను కూడా. అప్పుడు, సోంపేటలో ఒక ఆసామిగారింటి పెళ్ళిలో రెండు గ్లాసుల మజ్జిగ తాగడం గుర్తొచ్చింది. ఏ బోరు నీళ్ళతో చిలికారని అడగలేదు. టెక్కలిలో తోటి లెక్చరరు ఇంట్లో వెండి గ్లాసు, మా పిన్నిగారింట్లో కుండ నీళ్ళు, మా వీధి పూజారిగారింట్లో పానకం. అక్కడెక్కడా నా చెయ్యి దానంతటదే సంచిలోకి వెళ్ళలేదు.

కాగితం వెనక్కి తిప్పి రాయడం మొదలుపెట్టాను. ఇంతలో గంట కొట్టారు. పిల్లలు సంచులు సర్దుకుంటున్నారు.

"ఇంకా ఉందా మేడమ్?" అంది ఆ అమ్మాయి.

"ఉందమ్మా. ఇంకో కాగితం ఇవ్వు."