పొలం మందా, ఒంటి మందా

మొన్న గాజువాకలో కుక్కల సామాన్లమ్మే కొట్టాయన ఒక సీసా మూత తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "కెమికల్ కావాలా మేడం, నేచురలా? గోమార్లకి ఇది ప్యూర్ నేచురల్" అన్నాడు. వేపనూనె, కానుగనూనె కలిసిన ఆ చేదు వాసన తగలగానే నాకు కళ్ళు చెమర్చాయి. ఘాటుకనుకున్నాడు పాపం, సారీ చెప్పి సీసా వెనక్కి తీసుకున్నాడు. ఘాటుకు కాదు. అది మా పైడమ్మ పిన్ని చీర కొంగు వాసన. ఆవిడ పోయి రెండేళ్ళవుతోంది.

పిన్ని నాకు చుట్టమేమీ కాదు. కూర్మన్నపాలెంలో నేను అద్దెకున్న ఇంటి కింది వాటాలో ఉండేది. సబ్బవరం దగ్గర పల్లెలో వ్యవసాయం చేసి, భర్తకు స్టీల్ ప్లాంటులో ఉద్యోగం వచ్చాక ఇటు వచ్చేసిన మనిషి. నేను వీధిలోంచి ఒక నల్ల కుక్కపిల్లను తెచ్చుకుని బొగ్గు అని పేరు పెట్టిన రోజే, కుక్కను పెంచడం నాకు రాదని ఆవిడకు అర్థమైపోయింది. పిల్ల ఒళ్ళంతా గోమార్లు, నెత్తురు పీల్చి బఠాణీల్లా ఉబ్బి ఉన్నాయి. నేను బిక్కమొహం వేసుకుని చీపురు పట్టుకు నిలబడితే ఆవిడకు నవ్వాగలేదు.

"సీపురేటే గుంటా, ఊడిసేత్తే పోతాయా అయి? కూకో. నల్ల కుక్క మీద కంటికి కనపడవు, ఏలితో సూడాల."

చెవి మడతలో, కాలివేళ్ళ సందుల్లో, మెడపట్టీ కింద. ఒక్కోదాన్నీ చిన్న పట్టకారుతో మెలితిప్పకుండా తిన్నగా లాగి సబ్బునీళ్ళలో వేసేది. తర్వాత నూనె రాసేది. నేను సాయంత్రం పోర్టు ఆఫీసు నుంచి వచ్చేసరికి మెట్ల మీద ఆవిడ ఒళ్ళో బొగ్గు సుఖంగా పడుకుని ఉండేవాడు. అసలు వీడు నా కుక్కేనా అని ఉడుక్కునేదాన్ని. నిజం చెప్పాలంటే, ఆ మెట్ల మీద వాళ్ళ పక్కన టీ తాగే అరగంట కోసమే బస్సులో అంతదూరం నిలబడి వచ్చేదాన్ని.

ఒక్క విషయంలో మాత్రం ఆవిడ మొండిఘటం. పశువుల ఆసుపత్రిలో మందు వేయిద్దామంటే చాలు, ముఖం మాడ్చుకునేది. "మందు ఊసెత్తకు. నానుండగా ఈడికి మందు పడదు." ఎందుకో చెప్పేది కాదు. నేనూ గుచ్చి అడగలేదు. నేచురల్ అంటే మంచిదే కదా అని నా చదువుకున్న బుర్ర కూడా తలూపింది.

ఆ ఏడు వానలు వెలిశాక గోమార్లు విరగబడ్డాయి. ఎన్ని తీసినా తెల్లారేసరికి మళ్ళీ అన్నీ ఉండేవి. ఒకరోజు పొద్దున్న బొగ్గు అన్నం ముట్టలేదు. ఒళ్ళు కాలిపోతోంది, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి. భయమేస్తే నాకు కోపమొస్తుంది, కోపమొస్తే నోటికి అడ్డూ ఆపూ ఉండదు. "నీ నూనె నమ్ముకున్నందుకు నా కుక్క చచ్చిపోతోంది పిన్నీ" అనేశాను. ఆవిడ కొంగుతో చేతులు తుడుచుకుని, వెళ్ళి ఆటో పిలుచుకొచ్చింది.

ఆటోలో బొగ్గు తల ఒళ్ళో పెట్టుకుని అప్పుడు చెప్పింది. "పెళ్ళైన కొత్తలో మాకో కుక్కుండేది. ఇలాగే గోమార్లు పట్టీసినాయి. పొలానికి తెచ్చిన పురుగుల మందు ఇంట్లో ఉంటే, మందే కదాని నీళ్ళల్లో కలిపి నానే ఒళ్ళంతా రాసీసినాను. అది నాకీసుకుంది. మాపిటికి పోనాది. ఈ సేతుల్తోటే..." పొలంలో చల్లేదీ మందే, ఒంటికి వేసేదీ మందే. ఆ ఒక్క మాట వల్ల జరిగిన పొరపాటును ఆవిడ అన్నేళ్ళూ కడుపులో పెట్టుకుని తిరిగింది.

డాక్టరు చూసి, గోమార్ల వల్ల వచ్చిన జ్వరమన్నాడు. సూది వేసి, గోమార్లు చావడానికి ఒక మాత్ర ఇచ్చాడు. "నూనె వాసనకి కొన్ని దూరంగా పోతాయేమో గానీ, ఇన్ని పట్టాక నూనె చాలదు" అన్నాడు. పిన్ని ఆ మాత్రను అటూ ఇటూ తిప్పి చూసింది.

"డాక్టరు బాబూ, ఇది పొలం మందా, ఒంటి మందా?"

ఆయన నవ్వలేదు. అందుకు ఇవాళ్టికీ మనసులో దణ్ణం పెట్టుకుంటాను. "ఒంటి మందే అమ్మా. కుక్కల కోసమే చేసింది, బరువు చూసి ఇస్తున్నాం. ఒక్కోసారి వాంతి అవుతుంది, కాస్త కనిపెట్టుకుని ఉండండి" అన్నాడు.

ఇంటికొచ్చాక మాత్ర నేను వేస్తానంటే ఒప్పుకోలేదు. "నానే ఏత్తాను" అంది. బొగ్గు నోరు తెరిచి నాలుక వెనక్కి వేసింది. ఇక ఆ పగలంతా కదల్లేదు. వాడి డొక్క మీద చెయ్యి వేసి, ఊపిరి ఆడుతోందా లేదా అని చూస్తూ కూర్చుంది. సాయంత్రం బొగ్గు లేచి గిన్నెలో నీళ్ళు తాగితే, "బతికీసినాడే!" అని నా భుజం మీద తలపెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది.

బొగ్గు ఇప్పుడు ముసలివాడయ్యాడు. డాక్టరు చెప్పినట్టు మాత్ర వేస్తాను, సాయంత్రాలు వేళ్ళతో వెతుకుతాను కూడా. మాత్ర వేసిన రోజు సెలవు పెడితే ఆఫీసులో నవ్వుకుంటారు, నవ్వుకోనీ. కానీ ఆ పొద్దున్న నేనన్న మాటకు పిన్నికి క్షమాపణ చెప్పలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ ఏళ్ళ తరబడి ఆవిడ పక్కనే కూర్చుని టీ తాగాను. ఆవిడ ఒక్కసారైనా నన్ను ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచినా బాగుండేది, ఆ వంకనైనా కాళ్ళు పట్టుకునేదాన్ని. ఇప్పుడెవరి కాళ్ళు పట్టుకోను పిన్నీ?