నొప్పి లేని రెండు వేళ్లు

నాకు జబ్బు మొదలైన రోజున ఏదో తేడాగా ఉందని అనిపించలేదు. చేయి దారికొచ్చిందని సంతోషించాను.

డెబ్భైల చివర్లో విశాఖపట్నంలో ఒక దినపత్రిక విలేకరిగా ఉంటూ, నడివయసు దగ్గరపడుతుండగా గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. నేర్పినవాడు దానియేలు. పోర్టులో క్రేన్ ఆపరేటర్. ఆదివారం ఉదయం చర్చిలో గిటార్ వాయించి, సాయంత్రం తన క్వార్టర్ వరండాలో నాలాంటి నలుగురికి నేర్పేవాడు. ఏదో వార్త కోసం పోర్టుకి వెళ్లినప్పుడు పరిచయమై, రెండో మాటకే నన్ను బావా అన్నాడు. మా కృష్ణా జిల్లాలో వరస లేనివాళ్లని అలా పిలవరు. ఆ పిలుపుకే సగం లొంగిపోయాను.

గిటార్ కొత్తగా పట్టినవాళ్లకి ఎడమచేతి వేళ్లు నొప్పి పెడతాయి. ఇనప తీగల్ని కొసలతో నొక్కిపట్టాలి. ఉప్పుగాలికి విశాఖలో తీగలు తొందరగా తుప్పుపట్టి ఇంకా కోస్తాయి. కొన్నాళ్లకి వేలికొసలు కాయలు కాసి నొప్పి పోతుంది. ఎవరికి నొప్పి పోయినా ఆ ఆదివారం దానియేలు ఇంట్లో అందరికీ పకోడీలు. అది ఆ వరండా ఆనవాయితీ.

నాకు ముందుగా నొప్పి పోయింది చిటికెన వేలికీ, ఉంగరపు వేలికీ. చూపుడు వేలు, నడిమి వేలు మండుతూనే ఉన్నాయి.

"సూడు బావా, నాను సెప్పలేదేటి? సిటికినేలు బద్ధకందనుకుంతారు గానీ, అదిలిత్తే అదే ముందర దారికొస్తాది" అన్నాడు దానియేలు.

"మరి మిగతా రెండూ?"

"ఆటికి పొగరు. దిగుతాదిలే."

అందరం నవ్వాం. పకోడీలు తిన్నాం.

ఆ తర్వాత ఒక ఆదివారం వాయిస్తుంటే దానియేలు నా చెయ్యి పట్టుకుని ఆపాడు. "ఏటి బావా, రగతం!" ఉంగరపు వేలు తెగి, గిటార్ మెడ మీద నెత్తురు పూసుకుని ఉంది. నాకు తెలియనే లేదు. "ఓరి నీ దుంపతెగ, తోలు ఎనుబోతు తోలైపోనాది" అని మెచ్చుకున్నాడు. గుడ్డ చుట్టుకుని మళ్లీ వాయించాను.

అనుమానం మొదట వచ్చింది నా భార్య సుభద్రకి. ఒక పొద్దున నా ఎడమ అరచేతి అంచున, చిటికెన వేలి కింద పెద్ద బొబ్బ చూసింది.

"ఎక్కడ కాల్చుకున్నారండీ?"

ఎక్కడో నాకు గుర్తులేదు. ఆలోచిస్తే అప్పుడే తాగిన కాఫీ గ్లాసు తప్ప మరొకటి లేదు.

"గ్లాసు కాలితే వదిలేయరూ?"

"గిటార్ వల్ల చెయ్యి మొద్దుబారిందిలే."

"గిటార్ అరచేత్తో వాయిస్తారా?" అంది.

మా వీధి డాక్టరు దగ్గరికి వెళ్లాను. ఆయన మెడ తిప్పించి చూసి, "నెర్వస్ వీక్‌నెస్. బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు తీసుకోండి" అన్నారు. తీసుకుంటూనే ఉన్నాను. ఈలోగా చిటికెన వేలు మిగతా వేళ్లకి ఎడంగా ఉండిపోవడం మొదలుపెట్టింది. ఉంగరపు వేలి కింద తీగ మోగకుండా బుస్సుమనేది. విలేకరిగా నేను రాసేది కుడిచేత్తో కనుక ఆఫీసులో ఎవరికీ తెలియలేదు. గిటార్‌కి మాత్రం తెలిసింది.

ముంజేతి మీద పాలిపోయిన మచ్చని కూడా సుభద్రే చూసింది. "ఇక్కడ వెంట్రుకలు కూడా రాలిపోయాయి. రేపు పెద్దాసుపత్రికి పదండి" అంది.

చర్మ వ్యాధుల విభాగంలో డాక్టరు నన్ను కళ్లు మూసుకోమని, దూదిపోగుతో ముంజేతినీ వేళ్లనీ తాకుతూ, "తగిలినచోట వేలు పెట్టి చూపించండి" అన్నారు. కొంతసేపు చూపించాను. తర్వాత ఆయన మళ్లీ మొదలుపెట్టలేదేమోనని కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి దూది నా చిటికెన వేలి మీదే ఉంది.

ఆయన నా మోచేతి వెనక వేలితో తడిమారు. "ఈ రెండు వేళ్లకీ వెళ్లే అల్నార్ నెర్వ్ తాడులా లావైంది. హాన్సెన్స్ డిసీజ్" అన్నారు. నేను తెల్లబోయి చూస్తుంటే, మెల్లగా, "కుష్టు" అన్నారు. "భయపడకండి. మందుంది. జబ్బు నయమవుతుంది. వేళ్లు ఎంతవరకు కోలుకుంటాయో మాత్రం ఇప్పుడే చెప్పలేను."

సుభద్రని కూడా పరీక్షించారు. ఆమెకి ఏమీ లేదు. బస్సులో ఆమె నాకు ఎడమవైపున కూర్చుని, ఆ చేతినే పట్టుకుంది. ఆమె అరచెయ్యి వెచ్చగా ఉందని నా బొటనవేలికి తెలిసింది.

డాప్సోన్ మాత్రలు మొదలయ్యాయి. కొంత కాలం బాగానే గడిచింది. తర్వాత ఒక పొద్దున మోచేతిలో కొరకంచు పెట్టినట్టు నొప్పి లేచింది. రెండు వేళ్లూ అరచేతిలోకి ముడుచుకున్నాయి. సాపు చేద్దామంటే మాట వినలేదు. ఆ రోజు నన్ను ఆసుపత్రికి తీసుకువెళ్లింది దానియేలే.

"ఇది రియాక్షన్. జబ్బు తగ్గుతున్నా నెర్వ్ వాస్తుంది. ప్రెడ్నిసొలోన్ వాడదాం, వేళ్లు ముడుచుకోకుండా చేతికి స్ప్లింట్ కడదాం" అన్నారు డాక్టరు. "మొద్దుబారిన కొత్తలోనే వస్తే చాలా మేలుండేది."

దానియేలు చేతులు కట్టుకుని అడిగాడు. "అయ్యా, తీగలు నొక్కీసరికి వచ్చినాదేటండి ఇది?"

"గిటార్ వల్ల ఈ జబ్బు రాదు. గిటార్ వల్ల కాస్త లేటుగా తెలిసింది, అంతే."

ఆ 'అంతే' దానియేలుని వదల్లేదు. బయటికొచ్చాక చెట్టు కింద కూలబడ్డాడు. "పకోడీలెట్టాను బావా. నీ సెయ్యి సచ్చిపోతంతే నాను పకోడీలెట్టాను."

నీ తప్పేం లేదని ఎన్నిసార్లు చెప్పినా ఒప్పుకునేవాడు కాదు.

చేతిని కరిగించిన వెచ్చటి మైనంలో ముంచి మైనపు స్నానాలు చేయించారు. నూనె రాసి వేళ్లు సాగదీయమన్నారు. సుభద్ర రోజూ సాగదీసేది. వేళ్లు సగం వరకు వచ్చి ఆగిపోయాయి. ముడుచుకున్న వేళ్లు దాచలేం కనుక ఆఫీసులోనూ తెలిసింది. అప్పటినుంచి నా టీ గ్లాసు మిగతావాటితో కాకుండా కిటికీలో విడిగా ఉండేది. ఎవరు పెట్టారో కనుక్కోవడం విలేకరికి కష్టం కాదు. నేను కనుక్కోలేదు.

తర్వాత కొత్త చికిత్స వచ్చింది. డాప్సోన్‌తో పాటు రిఫాంపిసిన్ కలిపి ఇచ్చారు. చివరికి ఒక రోజు డాక్టరు కేసు షీటు మూసి, "మందులు ఆపేయండి. మీకు జబ్బు లేదు" అన్నారు. జబ్బు లేని మనిషిగా, ముడుచుకున్న రెండు వేళ్లతో ఇంటికొచ్చాను. గిటార్ బీరువా మీదికి ఎక్కింది.

దాన్ని కిందికి దించింది దానియేలు. "ఎడం సెయ్యి పోతే కుడి సెయ్యి లేదేటి? తీగలు తిరగేసేత్తాను. కుడి సేత్తో నొక్కు, ఎడం బొటనేలితో మీటు. దానికేటీ అవలేదు గదా?" గిటార్ మెడ చివర తీగలు ఆనే పట్టీలో గాడుల్ని, లావు తీగ సన్నదాని చోట పట్టేలా ఆకురాయితో అరగదీశాడు. మళ్లీ మొదటి పాఠం. కుడిచేతి వేళ్లు భగ్గుమన్నాయి.

"నొప్పెడతందా?" అని ప్రతి వేలినీ విడివిడిగా అడిగేవాడు. నాలుగూ నొప్పిగా ఉన్నాయంటే గాని ఊపిరి పీల్చేవాడు కాదు.

పకోడీల ఆనవాయితీ అతను అప్పటికే మానేశాడు. ఎవరు కొత్తగా వచ్చినా, వాళ్లు కళ్లు మూసుకుని తను దూదితో ముట్టిన వేలేదో చెప్పాకే గిటార్ చేతికిచ్చేవాడు. కొందరు నవ్వుకునేవారు. అతను నవ్వేవాడు కాదు.

నేను ఒక్క పాటైనా పూర్తిగా వాయించకముందే దానియేలు గుండెపోటుతో పోయాడు. డ్యూటీ నుంచి వచ్చి వరండాలో కూర్చున్నవాడు లేవలేదు. సమాధి దగ్గర ఎవరో అతని గిటార్ వాయించారు. నేను పక్కన నిలబడ్డాను.

ఇప్పుడు సాయంత్రాలు కాసేపు వాయిస్తాను. పెద్దగా రాదు. నెమ్మదిగా నడిచే చిన్న పాటలు చాలు. కుడిచేతి వేళ్లు కాయలు కాశాయి. కానీ ఆ కాయల కింద దూది తగిలితే తెలుస్తుంది. ఆదివారం నాడు సుభద్ర రెండు చేతులూ పరీక్షిస్తుంది. కళ్లు మూసుకుని చెబుతుంటాను. చూపుడు వేలు, బొటనవేలు, నడిమి వేలు. మధ్యలో ఏమీ తగలని కాస్త విరామం వస్తుంది. ఆమె నా చిటికెన వేలి దగ్గర ఉందని అప్పుడు తెలుస్తుంది.

చదివేవాళ్లకి ఒక్కటే చెప్పగలను. మీ చేతి పని ఏదైనా కానివ్వండి, గిటారో, కుట్టుమిషనో, పారో. వేళ్లు నొప్పి పెట్టడం మానేసినప్పుడు కళ్లు మూసుకుని, ఇంట్లో ఎవరినైనా దూదిపోగుతో ఒక్కో వేలినీ, అరచేతి అంచునీ ముట్టుకోమనండి. ఎక్కడ తగిలిందో చెప్పండి. ఒక్కచోట తెలియకపోయినా, మర్నాడే ఆసుపత్రికి వెళ్లండి.