ఒట్టు పెట్టించుకోని శాంతమ్మక్క

శాంతమ్మక్క కాలధర్మం చెందిందన్న వార్త బుధవారం ఉదయం నేను బడికి బయలుదేరుతుండగా అందింది. గుండెపోటట. నిర్ఘాంతపోయాను. ఆ వెంటనే, సిగ్గు విడిచి చెబుతున్నాను, ఒళ్ళు మండిపోయింది. ఆదివారం మీటింగు ఉండగా బుధవారం పోవడమేమిటి? ఎవరికీ ఒక్క మాట చెప్పకపోవడం ఆమెకు మొదటినుంచీ ఉన్న జబ్బే.

గద్వాలలో ఆమెను జాకెట్లు కుట్టే శాంతమ్మగా ఎరుగనివారు తక్కువ. తాగుడు మానాలనుకునేవారు ఆదివారం సాయంత్రం ఆమె దుకాణంలోనే కూడతారని ఎరిగినవారు మరీ తక్కువ. ఆ అజ్ఞానుల్లో నేనూ ఒకతెను. మా ఆయన మద్యపాన వ్యసనంలో పీకల దాకా మునిగిన కాలంలో, అలాంటి మీటింగు ఎక్కడుందని నేను అడగని మనిషి లేడు. ఇక్కడి దవాఖానలో "వనపర్తిలో ఉన్నట్టు విన్నామమ్మా" అన్నారు. వనపర్తికి పోతే "నాగర్‌కర్నూల్‌లో అడగండి" అన్నారు. నాగర్‌కర్నూల్‌లో ఒక పెద్దమనిషి "మీటింగులెందుకు తల్లీ, మాల ఏపియ్యరాదు?" అని సలహా పారేశాడు. మాల అప్పటికే రెండుసార్లు వేయించాను. దీక్షలో ఉన్నన్నాళ్ళు ఆయన సాక్షాత్తూ ఋషి; మాల తీసిన సాయంత్రమే కథ మళ్ళీ మొదటికి వచ్చేది. సోమశిలకు తీసుకుపోయి, కృష్ణలో ముంచి, నా తలమీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించాను. ఆ ఒట్టును కొల్లాపూర్ బస్టాండులోనే తీసి గట్టున పెట్టాడు మహానుభావుడు.

చివరికొకనాడు జాకెట్టు కొలతలిస్తూ శాంతమ్మక్క ముందు భోరుమన్నాను. ఆమె టేపు మెడలో వేసుకొని అంతా విన్నది.

"గింత దూరం తిరిగినవు గదా టీచరమ్మా, నన్నొక్క మాట అడగకపోతివి?"

"నీకేం తెలుసని అడగాలక్కా?"

"నేను గూడ తాగేదాన్నే. బతుకపోయిన కాడ కల్లు అలవాటైండె. ఇడిసిపెట్టి శాన ఏండ్లాయె. ఆదివారం సారును తోల్కరా. మీటింగ్ ఈడనే."

మా ఇంటికి రెండు వీధుల అవతల! నా ఏడుపు ఆగిపోయి కోపం ముంచుకొచ్చింది. ఒక బోర్డు పెట్టరాదా అని నిలదీశాను.

"బోర్డు పెడ్తె వచ్చేటోళ్ళను ఊరంత సూస్తది. ఎవ్వరు రారు."

"మరి బోర్డు లేకపోతే తెలిసేదెట్లా?"

"తెల్వదు. గదే పరేషాన్."

ఈ వాదన ఆమె పోయేదాకా తెగలేదు. నాదే న్యాయమని నా అభిప్రాయం ఇప్పటికీ మారలేదు.

మొదటి ఆదివారమే మా ఆయన ఉద్వేగంతో లేచి "నా పిల్లల మీద ఒట్టు" అనబోయాడు. శాంతమ్మక్క ఉగ్రరూపం దాల్చింది. "ఆగు సారూ! ఒట్టు గిట్ట పెడ్తివా, బయటికి ఎల్లగొడ్త!" నేను నివ్వెరపోయాను. ఊరంతా ఒట్టు వేయించమంటుంటే ఈమె ఒట్టు వద్దంటుందేమిటని గొణిగాను. "ఒట్టు తప్పినోడు మొఖం సూపియ్యడు టీచరమ్మా. దాంకుంటడు. దాంకున్నోడు ఇంకింత తాగుతడు. తాగితే తాగిన్నని ఈడికొచ్చి చెప్పాలె, గంతే" అన్నది.

అలా చెప్పినవారికి సన్మానమేమీ ఉండేది కాదు. ఆమె ముఖారవిందం నుంచి వెలువడే తిట్ల ప్రవాహాన్ని ఉటంకించడం నావల్ల కాదు. ఏడు తరాలనూ దులిపి, అలసిపోయి, స్వహస్తాలతో ఛాయ్ పోసి పక్కన కూర్చోబెట్టుకునేది. నిరుడు దసరా నుంచి ఆమె ఉన్నన్నాళ్ళూ మా ఆయన చుక్క ముట్టలేదంటే ఆ తిట్ల చలవే. "నేను సచ్చినంక నా పేరు రాసుకో, మిగిలినోళ్ళది రాయకు" అని, ఈ మీటింగుల సంగతి రాస్తానన్నప్పుడల్లా నాతో అనేది. మా ఆయన సంగతి ఆయన అనుమతితోనే రాస్తున్నాను.

గురువారం అంత్యక్రియలు. పాడె మోసినవారిలో మా ఆయనా ఉన్నాడు. మోసినవారికి మందు పోయడం మా వైపు ఆనవాయితీ. ఆమె తమ్ముడు, పాపం, మర్యాదకు లోటు రాకూడదని ఆ ఆనవాయితీని పాటించాడు. తాగుడు మాన్పించిన మనిషి పాడె మోసినందుకు తాగుడు! ఎవరిని ఏమనాలి? మోసినవారిలో తక్కిన మీటింగువాళ్ళు గ్లాసు తిప్పిపంపారట. మా ఆయన అందుకున్నాడు.

ఇంటికొచ్చాడు. ఎప్పటిలా అబద్ధమాడతాడని కాచుకున్నాను. గుమ్మంలోనే నిలబడి "తాగిన" అన్నాడు. "ఆదివారం పోయి చెప్త." కొట్టడానికి ఎత్తబోయిన చెయ్యి దించేశాను. ఇంతకాలం తాగాడని ఏడ్చినదాన్ని, ఆ రోజు చెప్పాడని ఏడ్చాను.

ఫలానావారి లోటు తీరనిదని సంస్మరణల్లో అందరూ రాస్తారు. అది మర్యాద కోసం రాసే మాట అనుకునేదాన్ని. అక్కా, నీకు చేతులెత్తి మొక్కుతూ అదే మాట రాస్తున్నాను, ఆదివారం కళ్ళారా చూశాను గనుక. శాంతమ్మక్క కూతురు దుకాణం షట్టరు ఎత్తింది. అందరూ వచ్చారు. మా ఆయన లేచి, తాగిన సంగతి ఉన్నదున్నట్టు చెప్పాడు. చెప్పడం అయిపోయింది.

"అక్క ఉంటే ఈపాటికి తిట్టి కూసోపెడ్తుండె" అని ఆయన అలాగే నిలబడి ఉన్నాడు. కూర్చోమనడానికి మాలో ఎవరికీ నోరు రాలేదు.