మూఢంలో నిండిన షట్టర్లు

మా ఊళ్ళో ఎవరైనా దుకాణం ఎత్తేస్తున్నారంటే ఆ సంగతి ముందు బ్రోకరుకి తెలుస్తుంది. ఇంట్లోవాళ్ళకి ఇంకా చెప్పని మాట కూడా ఎట్లాగో అతని చెవిన పడుతుంది. మర్నాటికల్లా షట్టరు మీద "అద్దెకు ఇవ్వబడును" అని బోర్డు, దాని కింద అతని ఫోను నంబరు. పాత బస్టాండు బజారులో ఆ నంబరు చూసీ చూసీ నాకు కంఠతా వచ్చేసింది. సొంత అన్నదమ్ముల నంబర్లు నోటికి రావు గానీ అతనిది మాత్రం నిద్రలో లేపి అడిగినా చెబుతాను. అది తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది.

నాది మ్యాచింగ్ సెంటరు. జాకెట్టు గుడ్డలు, లైనింగులు, ఫాల్సులు అమ్ముతాను. మార్టూరుకీ చీరాలకీ మధ్యలో ఉన్న ఊరు మాది. చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్ళు చీరని సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వస్తారు. ట్యూబులైటు కింద మెరూన్ అనుకున్నది బయటికి తెస్తే వంకాయ రంగులో కనిపిస్తుంది. అందుకే గుడ్డ తానునీ చీరనీ రోడ్డు మీదికి తెచ్చి, పగటి వెలుగులో పక్కపక్కన పెట్టి చూపిస్తాను. ఫోనులో బొమ్మ చూసి గుడ్డ తెప్పించుకుని, అది చీరకి కలవక చివరికి నా దగ్గరికే వచ్చేవాళ్ళు ఉన్నారు. వాళ్ళని నాలుగు తిట్టి మరీ ఇస్తాను. వాళ్ళూ తిట్లు తిని మరీ కొంటారు.

మా వరసలో ఐదు షట్టర్లు. నడిమిది నాది. ఎడమ పక్క టైలరు, ఆ అవతల చెప్పుల షాపు ఉండేవి. కుడి పక్క ఫ్యాన్సీ షాపు, ఆ చివర సెల్ రిపేరు. నా దగ్గర గుడ్డ కొన్నావిడ పక్కకెళ్ళి కొలతలిచ్చేది, ఇటొచ్చి గాజులు చూసేది. పెద్ద రోడ్డు మీద పైవంతెన లేచాక బస్సులు ఊళ్ళోకి రావడం మానేశాయి. చెప్పులాయన మూసేశాడు. సెల్ రిపేరు అతను చిలకలూరిపేట వెళ్ళిపోయాడు. టైలరు చూపు ఆనక మానుకున్నాడు. ఫ్యాన్సీ షాపు ఆవిడ మాత్రం ఎక్కువ కాలమే పంటి బిగువున నడిపింది గానీ, ఒకరోజు దండెం మీది రిబ్బన్లన్నీ అట్టపెట్టెల్లో సర్దేసింది. అటూ ఇటూ షట్టర్లు దించి ఉండేసరికి నేనూ మూసేశాననుకుని జనం బజారు మొదట్లోంచే వెనక్కి తిరిగిపోయేవాళ్ళు. నేను లోపల కూర్చునే ఉండేదాన్ని.

ఆ రోజుల్లోనే ఒక పొద్దున బ్రోకరు ఎవరినో వెంటబెట్టుకొచ్చి వరస పొడుగునా టేపు పట్టించడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యా, దేనికి కొలతలు?" అన్నాను గడప దిగి.

"ఏం లేదక్కా, ఊరికే."

"టేపు పట్టుకుని ఊరికే తిరిగేవాణ్ణి ఇంతవరకు నేను చూళ్ళేదు. టైలరు కూడా గుడ్డ ఇస్తేనే టేపు తీస్తాడు. నువ్వేం కుట్టబోతన్నావు?"

అతను నవ్వేశాడు. పక్కనున్న టేపు మనిషికి దాచడం చేతకాలేదు. వరస మొత్తం ఒక పెద్దాసామి కొంటున్నాడట. పడగొట్టి గ్రానైటు షోరూము కడతాడట. ఇరవై ఏళ్ళు దాటింది ఆ కొట్లో కూర్చోబట్టి. నన్ను ఎవరూ ఒక్క మాట అడగలేదు.

ఆ మధ్యాహ్నమే షట్టరు దించి ఓనరు దగ్గరికి వెళ్ళాను. ఆయన రైతు. ఒకప్పుడు మిర్చికి మంచి ధర పలికిన ఏడు ఆ డబ్బుతో ఈ ఐదు గదులూ కట్టించాడు. వెళ్ళేసరికి కల్లంలో ఉన్నాడు. ఎండబోసిన కాయల ఘాటుకి గొంతు పట్టేసి, ముందు దగ్గి, తర్వాత పోట్లాట మొదలుపెట్టాను.

"మావయ్యగారూ, ఒక్క మాట చెప్పకుండా అమ్మేస్తారా?"

"నన్నేం చెయ్యమంటావమ్మాయ్? నాలుగు గదులు ఖాళీ. పోయినేటి కాయ కోల్డ్ స్టోరేజీలో అట్టాగే పడుంది. నీ ఒక్కదాని అద్దె చూసుకుని కూర్చుంటే నాకు ఎట్టా జరుగుద్ది?"

అడ్వాన్సు తీసుకున్నారా అని అడిగాను.

"ఇంకా లేదు. మూఢం వచ్చింది గదా. మూఢం వెళ్ళాక మంచిరోజు చూసుకుని తాంబూలంలో పెట్టి ఇస్తానన్నాడు."

ఆ కొనేవాడు గట్టి వ్యాపారస్తుడని అప్పటికే విన్నాను. అంత గట్టివాడు కూడా శుక్రుడు కనిపించని రోజుల్లో సంతకం పెట్టడు! మా వైపు అంతే. మూఢంలో పెళ్ళి చెయ్యరు, శంకుస్థాపన చెయ్యరు, కొత్త కొట్టు తెరవరు. పెళ్ళిళ్ళు లేక నాకూ బేరాలుండవు కాబట్టి ఏటా ఆ మూఢాన్ని తిట్టుకునేదాన్ని. మొదటిసారి దానికి దండం పెట్టాలనిపించింది.

"ఈలోపు ఆ గదులు నిండితే అమ్మరుగా?" అన్నాను.

ఆయన చీపురుతో కాయలు దగ్గరికి ఎగదోశాడు. "మూడు నిండితే అమ్మనులే. అయినా మూఢంలో ఎవరొస్తారమ్మాయ్, పిచ్చిగానీ" అన్నాడు.

బ్రోకరు టీ కొట్టు దగ్గర బెంచీ మీద పేపరు చదువుతున్నాడు. మా వైపు బ్రోకరు అన్న మాటని తిట్టుకి కూడా వాడతారు. నేనూ వాడినదాన్నే. అద్దె ఇచ్చేవాడి దగ్గరా తీసుకునేవాడి దగ్గరా రెండువైపులా తింటాడు, కష్టమేముంది, బండి వేసుకుని తిరగడమేగా అనుకునేదాన్ని. ఆ రోజు అతని ఎదురుగా నిలబడి, ఖాళీ గదులకి మనుషుల్ని తెచ్చిపెట్టమన్నాను.

"అక్కా, మూఢం వస్తే పంతులుగారికీ నాకూ సెలవు. అయినా అమ్మకంలో నాకొచ్చే కమీషనెక్కడ, మూడు గదులకి వచ్చేదెక్కడ? నా పొట్ట నేనే కొట్టుకోమంటావా?"

"కొట్టుకోక్కర్లా, విను. అదొక్కటి అమ్మిపెడతావు, ఒకసారి తింటావు. షోరూము లేచాక ఈ బజారులో నిన్ను పలకరించేదెవరు? వాడు ఇంకో పాతికేళ్ళు కదలడు. కొట్లున్న బజారైతే ఒకడు వస్తా ఉంటాడు, ఒకడు పోతా ఉంటాడు. నీ బతుకు వాళ్ళ మీద గదా! నీ పొలం నువ్వే అమ్ముకుంటన్నావు, చూసుకో."

చుట్టూ టీ తాగుతున్నవాళ్ళు మా వైపే చూస్తున్నారు. నా గొంతు మామూలుగానే పెద్దది, ఆ రోజు ఇంకా లేచినట్టుంది. అతను పేపరు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

"అయితే మూఢం పట్టనోళ్ళు కావాలి మనకి" అన్నాడు.

అక్కడి నుంచి ఆ మనిషి పనితనం ఏమిటో చూశాను. ఏ సందులో ఎవరు ఇరుకింట్లో మిషను పెట్టుకుని అవస్థ పడుతున్నారో, ఎవరికి రోడ్డు మీదికి రావాలని ఉందో, ఎవరి అత్తగారు అడ్డం పడుతుందో అతనికి తెలుసు. మసీదు వెనక రేకుల గదిలో కుట్టుకుంటున్న ఇద్దరు అన్నదమ్ముల్ని తీసుకొచ్చాడు. వాళ్ళు చెప్పుల షాపు గది అడిగితే వద్దన్నాడు. "అది పడమటెండ నేరుగా కొట్టే గది. మధ్యానం మిషను మీద కూర్చోలేరు. పాత టైలరు గదే తీసుకోండి. వానాకాలం కాలవ పొంగుద్ది, గుడ్డలు మాత్రం కింద పెట్టకండి" అని ముందే చెప్పాడు. ఎక్కువ అద్దె వచ్చే గదిని వదులుకుని ఆ మాట చెప్పడం నేను నా చెవులతో విన్నాను. ఫ్యాన్సీ షాపు గదికి, చర్చి ఎదురుగా ఇంట్లోనే గాజులమ్ముకునే ఒకావిడ వచ్చింది. ఆవిడ లోపలికెళ్ళి కళ్ళు మూసుకుని ప్రార్థన చేసుకుంది. బయటికొచ్చి, తలుపు పక్కన అద్దం పెట్టుకోవచ్చా అని అడిగింది.

అద్దెకి మనుషులు దొరికారు గానీ ఓనరు అడ్డం తిరిగాడు. మూఢంలో అడ్వాన్సు పట్టుకుంటే అరిష్టమట. ముగ్గురం కల్లానికి వెళ్ళాం, బ్రోకరూ నేనూ టైలరు అన్నదమ్ముల్లో పెద్దతనూ.

"మావయ్యగారూ, మొన్న కాయ కోయించారే, అది మూఢమే గదా. మూఢమని కాయని చెట్టు మీదే ఉంచారా? గుంటూరు యార్డుకి లారీ ఎత్తించలేదా? వచ్చిన డబ్బు మూఢం పొయ్యేదాకా ముట్టుకోకుండా ఉన్నారా?" అన్నాను.

"ఆ లెక్క వేరు, ఈ లెక్క వేరు" అన్నాడాయన.

"వేరేం లేదండీ. కొట్టు మొదలెట్టేది వాళ్ళు, మీరు కాదు. వాళ్ళకి మూఢం లేదు. మీరు ఉన్న గదికి అద్దె తీసుకుంటన్నారు, అంతే" అన్నాడు బ్రోకరు. ఎంత నున్నగా చెప్పాడంటే నాకే నమ్మాలనిపించింది. ఆయన లోపలికెళ్ళి భార్యతో మాట్లాడి వచ్చి, అడ్వాన్సు అరుగు మీద పెట్టమన్నాడు. చేత్తో తీసుకోలేదు. మేం గేటు దాటాక తీసుకున్నాడనుకుంటా.

రెండు నిండాయి. మూడోది నిండలేదు. చెప్పుల షాపు గది అందరూ వద్దన్నారు, చివరనున్న సెల్ రిపేరు గదికి ఒక బేకరీ అతను వస్తానని ఊరించి మార్టూరులో తీసుకున్నాడు. మూఢం ఇక పోతుందనగా బ్రోకరుని కొట్లోకి పిలిచి నోటికొచ్చినట్టు అరిచాను. ఆసామి అమ్మకం కమీషను మీద ఇంకా ఆశ పెట్టుకున్నావు, రెండు గదులు చూపించి నా నోరు మూయించావు, మూడోది కావాలనే తేలేదు అన్నాను. అతను బండి ఎక్కి వెళ్ళిపోయాడు. రెండు రోజులు కనిపించలేదు.

మూడో పొద్దున నేను వచ్చేసరికి చివరి షట్టరు పైకి లేచి ఉంది. లోపల ఒక పాత టేబులు, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. ఒక దాంట్లో బ్రోకరు కూర్చుని ఉన్నాడు. గుమ్మంలో అతని భార్య నడుం మీద చేతులేసుకుని నిలబడి ఉంది.

"మూఢంలో కొట్టు తెరిచేవాణ్ణి నిన్నే చూశా. ఇల్లు ఏమైపోవాల?"

"కొట్టు కాదే, ఆఫీసు. ఇందులో అమ్మే సరుకేమన్నా ఉందా, నువ్వే చూడు" అన్నాడతను. అడ్వాన్సు రాత్రే ఓనరుకి ఇచ్చి వచ్చాడట. అతనికి మూఢం పడుతుంది. అయినా కూర్చున్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే బజారంతా చూస్తుందని, టేబులు మీద దుమ్ము కూడా తుడుచుకోవడం చేతకాదా అని తిట్టి, నా కొట్లోంచి గుడ్డ తెచ్చి నేనే తుడిచాను.

మూఢం వెళ్ళిన మొదటి మంచిరోజున ఆసామి కారు వచ్చింది. వెనక సీట్లో స్టీలు పళ్ళెం, అందులో తమలపాకులు, పళ్ళు, ఒక కవరు. ఓనరు కూడా కబురందుకుని వచ్చాడు. మిషన్లు చప్పుడు చేస్తున్నాయి. గాజులావిడ దగ్గర ఇద్దరు ఆడవాళ్ళు చేతులు చాపి కూర్చున్నారు. నేను ఒక పిస్తా రంగు చీరకి లైనింగు చింపుతున్నాను.

ఆసామి వరసంతా ఒకసారి చూసి చివరి గది దగ్గర ఆగాడు.

"నువ్వేంటయ్యా ఇక్కడ కూర్చున్నావు?"

"అద్దెకున్నానండీ" అన్నాడు బ్రోకరు లేచి నిలబడి.

ఓనరు పళ్ళెం వైపు చూడకుండా చేతులు వెనక్కి కట్టుకున్నాడు. "ఏమనుకోకండి. మూడు నిండితే అమ్మనని అమ్మాయికి మాటిచ్చాను. నిండినయ్యి" అన్నాడు.

ఆసామి మర్యాదస్తుడే, అరవలేదు. నా వైపు తిరిగి జాలిగా నవ్వాడు. ఆ జాలే నాకు గుచ్చుకుంది.

"ఎన్నాళ్ళు నడుస్తాయమ్మా ఈ కొట్లు? జనమంతా ఫోన్లలో కొంటన్నారు. రెండేళ్ళకో మూడేళ్ళకో మీరైనా మూసుకోవాల్సిందేగా. అదేదో ఇప్పుడే, ఖాళీ చేసినందుకు నాలుగు డబ్బులొచ్చేటప్పుడు మూసుకుంటే పోలా?"

మిషన్లు ఆగాయి. చేతిలో సగం చింపిన లైనింగు అట్లాగే ఉంది. మిగతా సగం చింపి, మడత పెట్టి, చీరావిడ చేతిలో పెట్టి అప్పుడు చెప్పాను.

"మూసే రోజు రావచ్చండీ. వస్తే నా షట్టరు నేనే దించుకుంటా, తాళం నా చేత్తో నేనే వేసుకుంటా. దానికి మీరు ముహూర్తం పెట్టించుకుని రానక్కర్లేదు."