నీళ్ళు పడకపోతే

ఢిల్లీ వెళ్ళే రైల్లో, ఝాన్సీ దాటాక, నా తెలుగు విని ఎదురు సీటు పిల్ల పలకరించింది. నాది నందిగామ, తనది జగ్గయ్యపేట. నాలుగు దేశాల కాలేజీలు కలిసి పరిశోధన నేర్పుతుంటే అందులో చేరిందట. మర్నాడు తన పని ఎలా చేస్తుందో మాస్టార్లకు చెప్పి ఒప్పించాలి. ఒప్పుకుంటేనే ఆ చదువులో ఉండనిస్తారు. మా వైపే, చందర్లపాడు దగ్గర బోర్ల నీళ్ళు పరీక్ష చేస్తుందట. నాకు తెలుగు అక్షరాలే ముసలితనంలో వచ్చాయి, ఇక ఇంగ్లీషెక్కడ? అందుకని ఇంగ్లీషులో రాసుకున్నదంతా తెలుగులో చెప్పింది.

మధ్యలో "ఆ బోర్లు ఎండిపోతే ఏం చేస్తాను" అని వచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"పని మొదలెట్టకుండానే ఆ పాడుమాటేంటే? తీసెయ్."

"అది తీసేస్తే నన్నే తీసేస్తారు మామ్మగారూ. వాళ్ళు ముందు అడిగేదే అది. మీరైతే ఏం చేసేవాళ్ళు?"

"కొబ్బరికాయ కొట్టేవాళ్ళం."

"అది రాస్తే ఒప్పుకోరండీ" అని నవ్వింది. నేనూ నవ్వాను.

ఆగ్రాలో తను దిగిపోయాక నాకు నవ్వు రాలేదు. మా పొలంలో బోరు వేసిన ప్రతిసారీ కొబ్బరికాయ కొట్టాం. నీళ్ళు పడకపోతే ఏం చేద్దామని ఇంట్లో ఒక్కరూ అనలేదు. ఎవరైనా అంటే అపశకునమని అందరం మీద పడేవాళ్ళం. బోరు మీద బోరు వేసి, చివరికి పొలమే అమ్ముకున్నాం.

ఆ పిల్లకి ఆ మాట ముందే అడగమని నేర్పుతున్నారు. ఇప్పుడు నాకూ అడగాలనే ఉంది. అడగడానికి పొలం లేదు.